ముందు ఓటు

నారాయణరెడ్డి కోడలిని వెనక గదిలో దాచిపెట్టినారని, ఆ పిల్లకు వచ్చింది మామూలు పడిశం కాదని ఎదురింటి సుశీలమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. "ఊదుబత్తి ముక్కుకాడ పెట్టినా వాసన తెలీలేదంట మే. ఎనిమిది నెలల కడుపు. సర్పంచి ఎలక్షన్ అయ్యేదాకా ఎవురూ నోరెత్తగూడదని ఇంట్లో చెప్పినాడంట ఆయప్ప" అని కూడా అన్నదట.

సుశీలమ్మ మాటల్లో సగం తీసేసి వినాలి. ఈసారి మాత్రం ఆమె తక్కువే చెప్పింది.

ముద్దనూరు పక్కన ఊరది. కరోనా అని తేలితే ఇంటి ముందు కట్టెలు అడ్డం కడతారు, వీధంతా బ్లీచింగ్ పొడి చల్లుతారు. సర్పంచికి నిలబడ్డ మనిషి ఓట్లడగడానికి పోతే జనం తలుపులు వేసుకుంటారు. అందుకని కోడలు లహరిని నెలనెలా పరీక్షలకు తీసుకుపోవడం మానేశారు. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తానని వచ్చిన నర్సును అత్త నాగేంద్రమ్మ వాకిట్లోనే ఆపి, "కోడలు పులివెందలకు పుట్టింటికి పోయిందమ్మా" అని చెప్పి పంపేసింది. గోడ అవతల లహరి దగ్గుతూనే ఉంది.

ఇంటి ముందు షామియానా. పొద్దస్తమానం కోళ్లు కోస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లంతా మాస్కులు గడ్డాల కిందికి లాక్కుని, ఒకే బకెట్టులో గ్లాసులు ముంచుకుని తాగి, గోడవారన వక్కాకు ఉమ్మి, మూతి తుడుచుకున్న చేతులతోనే నారాయణరెడ్డి చేతులు పట్టుకుని "గెలుపు మనదేప్పా" అనేవాళ్లు. ఈగలు ముసిరిన ఈకల కుప్ప లహరి కిటికీ కిందే పడుండేది. ఆ కంపు తెలియకపోవడం ఒక్కటే ఆమెకు జబ్బు చేసిన మేలు.

పోలింగు నాటి పొద్దున ఆమె అత్తను పిలిచింది.

"అత్తా, రాత్రి నుంచి బిడ్డ తన్నడం లే. నాకు ఊపిరాడ్తా లేదు. ఆస్పత్రికి పోదాం."

నాగేంద్రమ్మ పోయి భర్తకు చెప్పింది. ఆయన మారుమాట లేకుండా కారు తీయమని, తనూ ముందు సీట్లో కూర్చున్నాడు. కొడుకు కార్తీక్ భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టి స్టీరింగు పట్టాడు. ఇంక ప్రొద్దుటూరు ఆస్పత్రికే కదా అని లహరి కడుపు మీద చెయ్యేసుకుని కళ్లు మూసుకుంది.

కారు ఊరు దాటకుండానే ఆగింది. బడి ముందర, పోలింగు బూతు దగ్గర.

"దిగుమ్మా. ముందు ఓటేసి పోదాం" అన్నాడు నారాయణరెడ్డి తలుపు తీసి.

"మామా, బిడ్డ కదలడం లే."

"కదుల్తాదిలే. మాస్కు బాగా పైకి లాక్కో. దగ్గొస్తే బిగబట్టుకో, అవతలోళ్లు చూస్తాండారు."

"నాయనా, ఆస్పత్రికి పోయొచ్చినాంక..." కార్తీక్ స్టీరింగు వైపే చూస్తూ గొణిగాడు.

"అంతలోకి టైమైపోతాదిరా. ఒక్కో ఓటుకు ఎన్ని గడపలు తొక్కినానో నీకేం తెలుసు?"

లహరి వరుసలో నిలబడింది. కడుపుతో ఉన్న మనిషిని ముందుకు పోనివ్వమని ఎవరో అంటే అవతలి వర్గం ఏజెంటు ఒప్పుకోలేదు. "కడుపు ఓటుకు వేరే దారి ఉంటాదా ఏంది?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. గోడ పట్టుకుని, దగ్గు మింగుకుంటూ పోయి ఓటు గుద్దేసి వచ్చేసరికి బయట కారు లేదు. చేని కొట్టాల దగ్గరి ముసలివాళ్లను ఓటుకు తేవడానికి నారాయణరెడ్డి కొడుకును కారుతో పాటు పంపేశాడు. ఇంకోసారి కూడా పంపాడు. లహరి బడి మెట్ల మీద కూర్చుని ఒగరుస్తూ ఉంటే, ఆయన చేతులు జోడించి జనాన్ని పలకరిస్తూనే ఉన్నాడు.

ప్రొద్దుటూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పాజిటివ్ అనగానే ఒక ఆస్పత్రి వాకిట్లో నుంచే పంపేసింది. ఇంకొకచోట కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఏడవలేదు. ఆ రాత్రి గెలిచిన నారాయణరెడ్డి మీద ఊళ్లో గులాలు చల్లారు. తెల్లారేసరికి పాప గాజు పెట్టెలోనే పోయింది. కరోనా వార్డులో ఉన్న లహరికి ఫోనులో ఫోటో చూపించారు.

ఆమె ఇంటికి వచ్చినాక పరామర్శకు ఊరంతా కదిలింది. అదే షామియానా, అవే గ్లాసులు. నారాయణరెడ్డి కుర్చీలో వాలి, వచ్చినవాళ్లందరికీ తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ చెప్పుకుంటున్నాడు.

"పాడు కరోనాప్పా. పసిబిడ్డను గూడా వదల్లేదు. మా ఇంటి లక్ష్మిని ఎత్తుకపాయ."

"వయసుండాదిలే, మళ్లా కంటాది" అంది నాగేంద్రమ్మ.

లోపలి నుంచి లహరి గడప దాకా వచ్చి నిలబడింది.

"కరోనా వచ్చింది నాకు మామా. పాపను సంపింది నువ్వు."