అరువు గిన్నెలు

"వెండి గిన్నెలు ముందర పెట్టు కృత్తికా, వచ్చేవాళ్ళ కంట్లో పడాల," అంది మా అత్త రంగమ్మాళ్. సాయంత్రం మా ఆడబిడ్డ అభిరామిని చూడ్డానికి పెళ్ళివారు వస్తున్నారు. మా ఇంట్లో వెండి ఎక్కడిది? అవి పక్కింటి కమలమ్మాళ్ దగ్గర అరువు తెచ్చినవి. డ్యూటీకి వెళ్ళే ముందు వాటిని తోమడం నా పని. పెళ్ళివారు వెళ్ళాక మళ్ళీ తోమి తిరిగివ్వడమూ నా పనే. అరువు సొమ్ము బరువు చేటని అత్త ఊరికే అంటూ ఉంటుంది. బరువు మాత్రం నాకు.

"ఈరోజు ఆఫీసర్లు వస్తారంటివే? సుమ్మా ఉండు. పెర్మనెంట్ ఆర్డర్ చేతికొచ్చేదాకా నోరు తెరవాకు," అన్నాడు నా భర్త ప్రభాకరన్, పేపర్లోంచి తల ఎత్తకుండానే. సర్కారు ఆస్పత్రిలో ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టు నర్సుని. నోరు మూసుకోవడంలో ఎప్పుడో పెర్మనెంటయ్యాను.

నర్సుల కొరత తీర్చడానికి సర్కారు తెచ్చిన పథకం ఎలా నడుస్తోందో చూడ్డానికి కమిటీ వస్తోంది. రోజూ నేనొక్కదాన్నే పరుగులు పెట్టే బాలింతల వార్డులో ఆ ఉదయం ఐదుగురు నర్సులు! తక్కిన నలుగురినీ పక్క వార్డుల నుంచి తెచ్చి నిలబెట్టారు. వాళ్ళలో పిల్లల వార్డు ఇందుజ కూడా ఉంది.

"అక్కా, ఆడ ఎవురూ లేరు. బిడ్డకు ఆక్సిజన్ పెట్టి అట్లే వస్తిని," అంది. మాటిమాటికీ గుమ్మం వైపే చూస్తోంది.

సూపరింటెండెంట్ నా చెవి దగ్గరికి వచ్చింది. "అడిగితే సరిపోతున్నారని చెప్పు. నీ ఆర్డర్ నా టేబుల్ మీదే ఉంది."

కమిటీ పెద్దాయన నన్నే అడిగాడు, "పథకం వచ్చాక నర్సులు సరిపోతున్నారా, సిస్టర్?"

ఇస్త్రీ యూనిఫారాల్లో వరసగా నిలబడ్డ మమ్మల్ని చూస్తే పొద్దున నేను తోమిన గిన్నెలే గుర్తొచ్చాయి. ఒళ్ళు మండిపోయింది.

"లేదు సార్. ఈ వార్డుకు నేనొక్కదాన్నే. తక్కినవాళ్ళు మీకోసం అరువు తెచ్చినవాళ్ళు." ఇందుజ వైపు తిరిగాను. "నువ్వు బిడ్డ దగ్గరికి పోమ్మా!"

ఆమె పరుగెత్తింది. సూపరింటెండెంట్ మొహం మాడిపోయింది.

"మీరూ రండి సార్. పథకం ఎలా ఉందో ఖాళీ వార్డుల్లో చూడండి," అని ముందు నడిచాను. నా ఆర్డర్ ఏమవుతుందో నాకు తెలుసు. భయంగానే ఉంది. అయినా కాళ్ళు ఆగలేదు. ఆ నడకలోనే ఇంకొకటి కూడా తేల్చుకున్నాను.

సాయంత్రం ఆ గిన్నెలు నేను తోమను.