పోగు తెగితే మెయిన్ బంద్

గుండయ్యకు నేనంటే మంట. నాకు ఆయనంటే అంతకు రెండింతలు. కొత్తవాడలోని ఆయన పవర్‌లూమ్‌కు బిగించిన, డిజైన్ నడిపే డబ్బా మా హనుమకొండ కంపెనీది. జంపఖానా మీద నెమలి ఏ వరుస దాకా వచ్చిందో మెమొరీ కార్డులో రాసిపెట్టే డ్రైవర్ ప్రోగ్రాం మాత్రం నాది. ఆ నెమలి మెడ దాకా వచ్చి మళ్లీ నడుం దగ్గర మొదలవుతోంది.

"మూడో జంపఖానా ఖరాబయింది సబియా! రెండు నడుముల నెమలిని ఎవడు కొంటడు? ఇయ్యాల గిన బాగు కాకుంటె నీ డబ్బను పీకి మోర్ల పారేస్త," అన్నాడు గుండయ్య.

డబ్బా వెనక్కి వస్తే నా ఉద్యోగం కూడా పోయినట్టేనని బాస్ పొద్దున్నే చెప్పి పంపాడు. పళ్లు బిగించుకుని, మగ్గం పక్కనున్న స్టూలు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను.

అంతలో పోగు తెగింది. మగ్గం నడిపే గుండయ్య భార్య రాజవ్వ గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి గుంజింది. ముడి వేసి మళ్లీ ఎత్తింది. నెమలి మళ్లీ నడుం దగ్గరికి జారింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పోగు తెగినప్పుడల్లా మెయిన్ ఎందుకు బంద్ చేస్తున్నవ్ అవ్వా? ఇంత పెద్ద స్టాప్ బటన్ పెట్టిన, కనవడ్తలేదా?"

రాజవ్వ కుడిచెయ్యి నా మొహం ముందు చాపింది. రెండు వేళ్లు లేవు.

"పాత మగ్గానికి గూడ బటన్ ఉండె. దాన్ని నమ్మే చెయ్యి పెట్టిన."

సిగ్గేసింది. సిగ్గు పడాల్సి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. తప్పు నాదే. డబ్బాలోని చౌక చిప్‌లో ఉన్నది రెండు కేబీల మెమొరీ. కార్డులో ఒక్క అంకె రాయాలన్నా ఐదు వందల పన్నెండు బైట్ల జాగా పట్టి ఉంచాలి. ఎప్పుడూ అంత జాగా ఖాళీ లేక, డిజైన్‌ను కాసేపు ఆపి దాని జాగా వాడుకుంటూ రెండు వందల వరుసలకు ఒకసారి మాత్రమే రాసేలా పెట్టాను. ఈలోపు కరెంటు పోతే అంతా మాయం.

జాగా ఎవరు తింటున్నారో వెతికాను. స్క్రీన్ మీద మెరిసే కంపెనీ పేరు, బొమ్మ. ఒక కేబీ, మొత్తంలో సగం. బాస్ ముచ్చటపడి పెట్టించుకున్నది. మొత్తం పీకేసి, వరుస వరుసకూ కార్డులో రాసేలా డ్రైవర్ మార్చాను.

గుండయ్య నా వైపే గుర్రుగా చూస్తూ నాలుగు సార్లు మెయిన్ గుంజాడు. నాలుగు సార్లూ నెమలి ఆగిన చోటి నుంచే పెరిగింది. మెచ్చుకుంటాడేమోనని చూడటం నా బుద్ధి తక్కువే.

బాస్‌కు వీడియో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"స్క్రీన్ మీద మన పేరేది?"

"తీసేసిన సార్. జాగ సాల్లేదు."

"మళ్ల పెట్టు. పెట్టకుంటె రేపటి నుంచి రాకు."

మగ్గంలో పోగు తెగింది. రాజవ్వ మెయిన్ గుంజి, మిగిలిన మూడు వేళ్లు పోగుల మధ్య పెట్టింది.

"రాను సార్," అన్నాను.

గుండయ్య అప్పటికీ మొహం చిట్లించుకునే ఉన్నాడు. "అయిపోయింది గద. ఇగ లే, ఆ స్టూలు మా రాజవ్వది," అన్నాడు.