సెల్లారులో సెల్లారింది

బుచ్చిబాబు ఫోన్లో చార్జింగ్ పంతొమ్మిది శాతం ఉంది. ఆయన భార్య సీతామహాలక్ష్మి ఒంట్లో రక్తం ఎంత శాతం ఉందో ఎవరూ చెప్పలేదు గాని, మొహం చూస్తే అదీ ఎర్రగీత దగ్గరికే వచ్చినట్టుంది.

పొద్దున మధురానగర్‌లో, వంటింటి గట్టు పట్టుకుని అలాగే జారిపోయింది ఆవిడ. గర్భసంచిలో గడ్డ, ఆగని రక్తస్రావం. ఆటోలో పడేసి పంజాగుట్ట ఆస్పత్రికి తెచ్చేసరికి బుచ్చిబాబు చొక్కా కూడా ఎర్రబడింది. తొందరలో చార్జర్ గోడకే ఉండిపోయింది.

"మా దగ్గరున్న ఒక్క యూనిట్ ఎక్కించేశాం," అంది డాక్టరమ్మ. "ఇంకో యూనిట్ చేతిలో లేకుండా ఆపరేషన్ మొదలుపెట్టలేను. ఆవిడది ఓ నెగెటివ్. చుట్టుపక్కల బ్యాంకుల్లో అడిగించాను, ఎక్కడా లేదు. దాతని తెచ్చుకోండి. త్వరగా."

జన్మంతా కరెంటు బిల్లు చూసి యూనిట్లు ఎక్కువయ్యాయని ఏడ్చిన మనిషి, ఆ రోజు ఒక్క యూనిట్ తక్కువైందని ఏడ్చాడు.

బుచ్చిబాబు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ చెబుతాడు. ఆయన క్లాసుకి మైకు అక్కర్లేదు. పక్క గదిలో జావా నేర్చుకునే పిల్లలకు కూడా డెబిట్లూ క్రెడిట్లూ వచ్చేశాయని చెప్పుకుంటారు. ఇంట్లో సీతామహాలక్ష్మి పొద్దున్నుంచి పడుకునేదాకా అనే మాట ఒకటే: "వాల్యూమ్ తగ్గించండి." స్ట్రెచర్ మీద వెళ్తూ కూడా ఆయన చెయ్యి పట్టుకుని, "ఆ నర్సమ్మాయి మీద అరవకండి, నలుగురూ చూస్తారు," అంది. అని కళ్లు మూసుకుంది.

తణుకులో ఉన్న మరదలు మంజూష, బావగారు ఫోన్ చెయ్యగానే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "అర్జెంట్. ఓ నెగెటివ్ రక్తం కావాలి. పంజాగుట్టలో ఆస్పత్రి. మా బావగారి నంబరు ఇది. అందరికీ పంపండి." ఆస్పత్రి పేరు రాయడం మర్చిపోయింది. పంజాగుట్టలో కళ్లు మూసుకుని నడిచినా ఏదో ఒక ఆస్పత్రి మెట్టు తగులుతుంది; ఏ మెట్టని వెతుక్కుంటాడు వచ్చేవాడు?

దాత వస్తే ఇక్కడికే రావాలి, కదలకండి అని బ్లడ్ బ్యాంకు వాళ్లు చెప్పారు. అది సెల్లారులో ఉంది. బుచ్చిబాబు కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

"బ్లడ్ దొరికిందాండీ?"

"లేదండీ. మీది ఓ నెగెటివా అండీ?"

"కాదండీ, బి పాజిటివ్."

ధైర్యంగా ఉండమంటున్నాడో, రక్తం చెబుతున్నాడో తేల్చుకునేలోపు అవతలాయన, "ఊరికే కనుక్కుందామని," అని పెట్టేశాడు. పదిహేడు శాతం.

ఇంకొకాయన దానిమ్మ రసం పట్టించమన్నాడు. ఒకావిడ రోగం పుట్టుపూర్వోత్తరాలు అడిగి, వాళ్ల పెద్దమ్మకు అచ్చం ఇలాగే అయిందని మొదలుపెట్టి, పెద్దమ్మ పోయిన సంగతి దగ్గర నాలిక్కరుచుకుంది. పదమూడు. దయగల లోకం, బంగారంలాంటి మనుషులు, అందరూ కలిసి ఆయన బ్యాటరీని తలో గుక్కా తాగేస్తున్నారు. ఎత్తకుండా ఉందామంటే ఏ నంబరు వెనక ఆ రక్తం ఉందో.

పక్క కుర్చీలో సురేందర్ కూర్చుని ఉన్నాడు. ఎర్రమంజిల్‌లో ఏదో సర్కారీ ఆఫీసులో పని, తండ్రికి రక్తం కోసం వచ్చాడు. అంతసేపూ చూసి చూసి ఆగలేకపోయాడు.

"అన్నా, బ్రైట్‌నెస్ గంతెందుకు పెట్టినవ్? పెండ్లి పందిరి లెక్క మెరుస్తుంది. జర తగ్గించు."

"తగ్గించానండి."

"లొకేషన్ బంద్ చెయ్. నువ్వేడున్నవో నీకెరుకే గదా, దానికెందుకు చెప్పుడు. బ్యాక్‌గ్రౌండ్ల ఏమేం నడుస్తున్నయ్?"

"మా బ్యాక్‌గ్రౌండ్ అంతా తణుకేనండి."

సురేందర్ ఒక్క క్షణం ఆయన్ని చూసి, నవ్వాలో వద్దో తెలియక తల గోక్కున్నాడు. బుచ్చిబాబుకి నవ్వించాలన్న ఉద్దేశం లేదు. భయం వేస్తే ఆయన నోట్లోంచి శ్లేషలు వాటంతటవే జారతాయి, కొందరికి వెక్కిళ్లొచ్చినట్టు. కంగారులో యాప్‌లన్నిటినీ ఒక్కొక్కటే పైకి గీకి పారేయబోయాడు.

"ఊకె అట్ల గీకకు. మల్ల తెరిస్తే మొదటికెల్లి లేవాలె, ఇంకింత తింటది. ఫోను పట్టుకో, ఎట్లుంది?"

"కాలిపోతోందండి."

"కాలదా మరి. గీ సెల్లార్ల సిగ్నల్ ఏడుంది? టవర్ కోసం దేవులాడి దేవులాడి సస్తుంది పాపం. గరమైతే ఇంకా జల్ది దిగుతది. ఆ కవర్ తీసెయ్. ఎన్నేండ్లైంది కొని?"

"నాలుగు దాటిందండి. రాత్రంతా తలగడ కింద పెట్టి చార్జింగ్ చేస్తాను."

"తలగడ కిందనా? అది ఫోనా, ఇడ్లీ కుక్కరా? ఉడికి ఉడికి దాని దమ్ము పోయింది. నిండినంక తీసెయ్యాలె, సల్లగ ఉంచాలె."

ఇప్పుడా సంగతులు. బుచ్చిబాబు చార్జర్ కోసం సెల్లారంతా తిరిగాడు. అందరివీ కొత్త పిన్నులు, ఆయనది పాత పిన్ను. అడిగితే పిన్నులు చూపించారు గాని పిన్నుకి పిన్ను కలవలేదు. ఈ ఫోన్ ఆరిపోతే పనికొస్తుందని సురేందర్ నంబరుతో మంజూష ఇంకో మెసేజ్ పెట్టింది గాని, మొదటిది ఈపాటికి ఎన్ని గ్రూపులు దాటిందో.

ఎనిమిది శాతం దగ్గర ఫోన్ పట్టుకుని మెట్లెక్కి గేటు దగ్గరికి పరిగెత్తాడు. సెల్లు ఆరిపోయే చోటు కాబట్టే దాన్ని సెల్లారన్నారు కాబోలు అనుకున్నాడు. పైన సిగ్నల్ వచ్చింది. సిగ్నల్‌తో పాటు అప్పటిదాకా అందని మెసేజ్‌లన్నీ బిలబిలా దిగాయి: చేతులు జోడించిన బొమ్మలు, దేవుళ్లు, "దొరికిందా?", "దొరికిందా?". మూడు శాతం. మూలన బొమ్మ ఎర్రగా మారింది.

అప్పుడు మోగింది.

"అన్నా, రక్తం అడిగింది మీరేనా? నాది ఓ నెగెటివే. అమీర్‌పేటల మెట్రో ఎక్కుతున్న, పంజాగుట్టల దిగుత. ఏ ఆస్పత్రి?"

చెప్పవలసింది ఒక్క పేరు. తణుకువాడు కనక బుచ్చిబాబు దాంతో మొదలుపెట్టలేకపోయాడు. "బాబూ, మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి. మీ పిల్లాపాపా బాగుండాలి. దేవుడిలా వచ్చారండి. ఇంతకీ బాబుగారి పేరేంటండీ, ఏ ఊరు మనది..."

తెర నల్లబడింది.

బుచ్చిబాబు ఆ నల్లటి అద్దంలో తన మొహం చూసుకున్నాడు. నోరింకా తెరిచే ఉంది. మర్యాద చేసి చేసి మనిషిని పోగొట్టుకున్నాడు. నంబరు రాసుకోలేదు, మొహం తెలియదు, పేరడిగాడు గాని పేరు వినలేదు. లోపల సీతామహాలక్ష్మి ఉంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే. బుచ్చిబాబు పరిగెత్తాడు. ఎర్ర మరకల చొక్కా చూసి ఆటోలు వాటంతటవే ఆగాయి. మెట్రో మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకి తెలియదు. రైలు వెళ్లిపోయింది. టికెట్ గేట్లలోంచి జనం బయటికొస్తున్నారు, అందరి ఒంట్లోనూ రక్తమే, ఎవరిది ఏ గ్రూపో నుదుటి మీద రాసి లేదు.

వాల్యూమ్ తగ్గించండి అన్న మాట చెవిలో వినిపించింది. క్షమించవే అనుకుని, ఊపిరి నిండా పీల్చాడు.

"ఓ... నెగెటివ్..."

స్టేషనంతా నిలబడిపోయింది. ఓ రామా, ఓ కృష్ణా అని పిలిచినట్టే ఉంది. సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. "ఎవర్ని పిలుస్తున్నవ్ పెద్దమనిషీ? గదేం పేరు?"

"పేరు తెలియదు బాబూ. రక్తం ఒక్కటే తెలుసు," అని మళ్లీ అరిచాడు. గొంతు చీలింది. జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఒకమ్మాయి ఫోన్ తీసి వీడియో పడుతోంది. ఆ ఫోన్లో చార్జింగ్ ఎంతుందో అని ఆ స్థితిలోనూ ఆయనకు అనిపించింది. మూడోసారి అరిచినప్పుడు గొంతులోంచి వచ్చింది అరుపు కాదు, ఏడుపు.

గేట్లకు అవతల, ఎదుటి ప్లాట్‌ఫారం మెట్ల మీద కాలు పెట్టిన ఒక మనిషి ఆగాడు. నీలం చొక్కా, భుజాన పనిముట్ల సంచి. వెనక్కి తిరిగాడు.

"నన్నేనా అన్నా?"

అతని పేరు ఓదెలు. లిఫ్టులు బాగుచేస్తాడు. "రెండుసార్లు చేసిన, స్విచాఫ్ వచ్చింది. దొరికిందేమోనని మల్ల అమీర్‌పేట బండి ఎక్కుతుంటి," అన్నాడు, బుచ్చిబాబు పక్కన పరిగెడుతూ. "నీ దీవెనలన్నీ వినపడ్డయ్ అన్నా. ఆస్పత్రి పేరొక్కటే వినపళ్లే."

ఓదెలు పడుకున్నాడు, సంచి నిండింది, పరీక్షలయ్యాయి. డాక్టరమ్మ తలూపింది. స్ట్రెచర్ కదులుతుంటే సీతామహాలక్ష్మి సగం కళ్లు తెరిచింది.

"గొంతేంటండీ అలా పోయింది? ఎవరి మీద అరిచారు?"

"నీ మీదే," అందామనుకున్నాడు. మాట రాలేదు.

తలుపు మూసుకుంది. పైన ఎర్ర దీపం వెలిగింది. సురేందర్ ఎక్కడో పాత పిన్ను చార్జర్ సంపాదించి తెచ్చాడు. ఫోన్ పెడితే దాన్లోనూ మూలన ఎర్ర దీపం వెలిగింది. ఇది ఆరకూడదు, అది ఆరాలి. రెంటినీ మార్చి మార్చి చూస్తూ బుచ్చిబాబు నేల మీద కూర్చున్నాడు.

ఒక్క శాతం ఎక్కగానే మోగింది.

"నమస్కారమండీ. తాడేపల్లిగూడెం నుంచండీ. బ్లడ్ దొరికిందాండీ?"

"దొరికిందండీ," అన్నాడు బుచ్చిబాబు. గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది.

"వినపడట్లేదండీ, కాస్త గట్టిగా చెప్పండి."