ఎక్సురే నెమలి

తెల్లగోడ అంటే రాయమల్లుకు ఒళ్లుమంట. నలభై ఏళ్లుగా హన్మకొండలో ఇళ్లకు రంగులు వేస్తున్న మనిషి. అతని దృష్టిలో తెల్లగోడ అంటే ఇంకా పని మొదలుపెట్టని గోడ. అట్లాంటివాణ్ణి ఇంటికి పిలిపించి, కిషన్ రావు సేటు కోడలు సింధు ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది.

"అంకుల్, హాల్ మొత్తం ఇట్ల ఆఫ్ వైట్ కావాలె."

"ఆఫ్ వైట్ అంటే తెలుపే గద బిడ్డా?"

"తెలుపే. జర తక్కువ తెలుపు."

"రెండేండ్లు ఆగితే ఏ తెలుపైనా గట్లనే అయితది. దానికి మళ్ల డబ్బాలు కొనుడెందుకు?"

సింధు పకపకా నవ్వింది కానీ మాట మార్చలేదు. ఎక్కడ ఏది ఉండాలో ఆ పిల్ల ముందే అనుకుని పెట్టుకుంది. కిటికీ పక్కన వెదురు దీపం, మూలన మనీప్లాంటు, కింద కొత్తవాడలో నేయించిన జంపఖానా, గోడకు ఇంటివాళ్ల ఫొటోలు. "ఇంట్లకు అడుగు పెట్టంగనే ఇది మా ఇల్లే అనిపించాలె అంకుల్. షోరూం లెక్క ఉండొద్దు" అంది. మాట బాగానే ఉంది. దానికి తెల్లగోడలు ఎందుకో మాత్రం రాయమల్లుకు బోధపడలేదు.

అసలు బాధ వేరే. ఇది అతని ఆఖరి హాలు. మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకోసారి నిచ్చెన ఎక్కితే నా దగ్గరికి రావద్దని దవాఖానలో డాక్టరు తెగేసి చెప్పాడు. ఈ పని అయిపోతే రఘునాథపల్లిలో కూతురింటికి పోయి అరుగు మీద కూర్చోవడమే. పోయేలోపు ఒక్క గోడ మీద, ఒకే ఒక్క గోడ మీద, పువ్వో పిట్టో తన చేత్తో దించిపోవాలని అతని ఆశ. పదేళ్లుగా అడిగిన నాథుడు లేడు. అందరికీ గోడకు పూసే లప్పం నున్నగా రావాలి, రోలరు తిప్పాలి, అయిపోవాలి. రోలరు తిప్పడానికి రాయమల్లే కావాలా ఏమిటి? చెయ్యి ఉన్న ఎవడైనా తిప్పుతాడు.

రెండు రోజులు లప్పం మీద ఉప్పుకాగితం రుద్దుతూ ఆగాడు. మూడోరోజు ఆగలేకపోయాడు.

"బిడ్డా, మూడు గోడలు నీ ఇష్టం. ఒక్కటి నాకిడువు. నచ్చకపోతే నేనే తెల్లగ కొట్టిపోత."

సింధు నడుం మీద చెయ్యి పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "ముందు మీ డిజైన్లు చూపియ్యుండ్రి. తర్వాత చూద్దాం."

రాయమల్లు సైకిలుకు కట్టుకున్న సంచి విప్పాడు. అందులో అతని ఆస్తి ఉంది. మామిడి పిందెలు, మల్లెతీగలు, ద్రాక్షగుత్తులు, హంసలు, అన్నీ ఎక్సురే ఫిల్ముల మీద బ్లేడుతో కోసిన అచ్చులు, గోడకు ఆనించి పైన రంగు అద్దేవి. అట్టముక్క మీద కోస్తే రెండు గోడలకే నానిపోతుంది. ఎక్సురే ఫిల్ముకు చావు లేదు, కడిగితే మళ్లీ కొత్తది. అందుకే పాత పెయింటర్లంతా దవాఖానల చుట్టూ తిరిగి పనికిరాని ఫిల్ములు అడిగి తెచ్చుకునేవాళ్లు. హన్మకొండలో సగం ఇళ్ల గోడల మీది మల్లెతీగలు ఎవరివో పక్కటెముకల్లోంచి వచ్చినవేనంటే నమ్మండి.

సింధు ఒక్కొక్కటీ చూసి పక్కన పెడుతూ పోయింది. మామిడి పిందెలు వద్దు. ద్రాక్షలు అసలే వద్దు. హంస దగ్గర కాస్త ఆగింది, అదీ వద్దంది. సంచి ఖాళీ అయిందనుకునేసరికి అడుగున ఖాకీ కవరొకటి కనబడింది. రాయమల్లు "అది కాదు బిడ్డా" అనేలోపే ఆమె లాగేసింది.

నెమలి. మెడ వంచి, తోక నేల మీదికి జార్చి వెనక్కి చూస్తున్న నెమలి. రాయమల్లు జన్మలో కోసిన వాటన్నిటిలో అదే అందమైనది.

"అబ్బ! ఇదే అంకుల్! ఇదే ఫైనల్!" అని సింధు ఎగిరి గంతేసినంత పని చేసింది.

రాయమల్లు బొటనవేలు చటుక్కున వెళ్లి ఆ ఫిల్ము కింది మూలను మూసేసింది. ఇరవై రెండేళ్లుగా ఆ వేలికి అదే పని. ఆ మూలన తెల్లక్షరాలతో ఒక పేరు ఉంది. ఆ పేరుగల మనిషి పది అడుగుల దూరంలో, కిటికీ పక్కన వాలుకుర్చీలో కూర్చుని చాయ తాగుతున్నాడు.

ఇక్కడ కాస్త వెనక్కి పోవాలి. ఆ కుర్చీలోని కిషన్ రావు అప్పట్లో బట్టల దుకాణం మీద తానే కూర్చునేవాడు. ఇప్పుడు కొడుకు అఖిల్ చూసుకుంటున్నాడు కాబట్టి సేటుకు ఇంట్లో కూర్చుని వచ్చినవాళ్లకు కథ చెప్పడమే వ్యాపారం. కథ ఒక్కటే. మేడారం జాతరలో, నెత్తి మీద అమ్మవార్లకిచ్చే బెల్లం గంపతో నడుస్తుంటే జనం తోశారు. పడ్డాడు. చెయ్యి విరిగింది. "మూడు ముక్కలైంది! గంప మాత్రం నేల తాకనియ్యలే!" అని ముగిస్తాడు. విన్నవాళ్లు "మూడు ముక్కలా?" అని మూతి బిగబట్టి నవ్వుకుంటారు. అప్పుడు సేటు భార్య వైపు చెయ్యి చూపిస్తాడు. "ఫిల్ము ఉండె, చూపెట్టెటోణ్ణి. ఈమె పోగొట్టింది." అరుణమ్మ తల ఎత్తదు. కూర ఒలుస్తుంటే ఒలుస్తూనే ఉంటుంది.

పోగొట్టింది ఆమె కాదు. ఆ చెయ్యి విరిగిన ఏడే, దసరా ముందు ఈ ఇంటికి రంగులు వేయడానికి రాయమల్లు వచ్చాడు. హాల్లో నెమలి కావాలని అరుణమ్మ ముచ్చటపడింది. నెమలి అచ్చు అతని దగ్గర లేదు. సామానంతా వాకిట్లో కుప్ప పోసి ఉంది, కుప్ప మీద ఈ ఫిల్ము కనబడింది. చెయ్యి అతికిపోయింది, ఇంకా ఫిల్ము దేనికి అనుకుని బ్లేడు తీశాడు. నెమలి గోడెక్కింది, అరుణమ్మ మురిసిపోయింది. ఆ సాయంత్రమే సేటు ఫిల్ము కోసం వెతికి, దొరకక, భార్య మీద ఇంతెత్తున లేచాడు. నిచ్చెన మీదున్న రాయమల్లు అంతా విన్నాడు. దిగి చెప్దామనుకున్నాడు. రేపు చెప్దామనుకున్నాడు. ఆ రేపు ఇరవై రెండేళ్లుగా రానే లేదు.

ఈలోగా ఆ గోడ మీద ఎన్నో పూతలు పడి నెమలి మాయమైంది. అచ్చు మాత్రం మిగిలింది.

"దీనికి జర మరమ్మతున్నది బిడ్డా, చేసుకొస్త" అని రాయమల్లు ఫిల్ము తీసుకుని పెరట్లోకి నడిచాడు. జేబులోంచి బ్లేడు తీశాడు. మూల కోసేస్తే పేరు పోతుంది, పీడా పోతుంది, గోడ దక్కుతుంది. ఇన్నేళ్లూ ఎందుకు కోయలేదంటే, పేరు ఉన్నన్నాళ్లూ అది సేటు వస్తువే, ఎప్పటికైనా తిరిగి ఇచ్చేదే అని తనకు తాను చెప్పుకున్నాడు. పేరు కోస్తే దొంగతనమే అవుతుంది. మరి ఇప్పుడు ఆఖరి గోడ అడుగుతోంది కదా?

బ్లేడు మూల మీద పెట్టాడు. లోపల సేటు ఫోన్‌లో ఎవరికో కథ చెబుతున్నాడు. "మూడు ముక్కలు... ఫిల్మేదంటవా? ఈమె పోగొట్టింది." వంటింటి గడపలో అరుణమ్మ గోంగూర ఒలుస్తోంది. ఆ మాటకు ఆమె చేతులు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. ఆ ఆగడం రాయమల్లు ఎప్పుడూ చూడలేదు. తాను చేసిన పనికి ఆమె ఇన్నేళ్లుగా మాట పడుతోందని ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది. బ్లేడు జేబులో పడేసి, తిన్నగా పోయి సేటు ముందు నిలబడ్డాడు.

"సేటూ, మీ ఫిల్ము."

కిషన్ రావు ఫోన్ పెట్టేశాడు. ఫిల్ము అందుకుని, మూలన పేరు చదివి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. పైన మోచెయ్యి ఉంది. కింద మణికట్టు ఉంది. మధ్యలో నెమలి ఆకారంలో ఆకాశం కనబడుతోంది.

"నా చెయ్యేదయ్యా?"

"గదే సేటు... నెమలయ్యింది."

సింధు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. రాయమల్లు జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. కిషన్ రావు మొహం ఎర్రబడింది. తిట్టడానికి నోరు తెరిచాడు కానీ అంతలోనే ఇంకో సంగతి తట్టింది.

"ఆగు, ఆగు! కొయ్యకముందు నువ్వు చూసినవ్ గద! సాక్షివి దొరికినవ్. చెప్పు, ఎన్ని ముక్కలు?"

"ముక్కల సంగతి తర్వాత."

అరుణమ్మ గొంతు అది. ఎప్పుడు లేచిందో, ఒళ్లోని గోంగూరంతా నేల మీద పడింది.

"ముందు నేను పోగొట్టలేదని చెప్పు."

"అరే, తెలిసింది గదనే ఇప్పుడు..."

"తెలిసిందంటే సరిపోదు. ప్రతి దసరాకు పెట్టెలన్ని దించి దులిపిన, ఎరికేనా? ఇరవై రెండు దసరాలు. నువ్వు అనంగ అనంగ, నిజంగ నేనే యాడనో పారేసి మరిచిపోయిననుకున్న. ఏ వస్తువు కనవడకపోయినా నా మీద నాకే అనుమానం." ఆమె కళ్లు నిండాయి, గొంతు మాత్రం వణకలేదు. "చెప్పు."

కిషన్ రావు ఫిల్మును కిటికీ గట్టున పెట్టాడు. "నువ్వు పోగొట్టలే" అని గొణిగాడు.

"నాకు కాదు, కోడలికి చెప్పు. పెద్దగ."

"సింధూ! మీ అత్తమ్మ పోగొట్టలేదమ్మా! తప్పు నాదే!"

వీధిలో కూరగాయల బండివాడు కూడా ఆగి చూశాడు. అరుణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని రాయమల్లు వైపు తిరిగింది.

"నీకు వేరే చెప్పాల్నా? నా నెమలి కోసం నా మొగని చెయ్యి కోస్తివా!"

"తప్పయింది అమ్మా. ఏం శిక్ష ఏసినా సరే."

"ఈయన కుర్చీకి ఎదురుంగ, ఆ గోడ నిండ నెమలి దించు. పొద్దున లేస్తే దాని మొహమే చూడాలె ఈయన."

"అత్తమ్మా, సూపర్!" అని సింధు అత్తను వాటేసుకుంది. "మామయ్య చెయ్యే గోడ మీద! మా ఇల్లు అనిపించాలంటే ఇంతకన్న ఏం కావాలె?"

అచ్చును కొలతగా పెట్టుకుని నెమలిని గోడంత పెంచి గీయడానికి రాయమల్లుకు మూడు రోజులు పట్టింది. తోక కిందికి జారేచోట నీలంలో ఆకుపచ్చ కలిపి, కంటి దగ్గర పసుపు చుక్క పెట్టి, నిచ్చెన ఎక్కినప్పుడల్లా మోకాళ్లను తిట్టి, దిగినప్పుడల్లా గోడను చూసి మురిసి, ఒకటే హడావుడి. మిగతా మూడు గోడలూ జర తక్కువ తెలుపే. చిత్రమేమిటంటే, ఆ తెలుపు మధ్యనే నెమలి అంత అందంగా కనబడింది. పిల్లకు తెలివుందని రాయమల్లు లోలోపల ఒప్పుకున్నాడు, పైకి మాత్రం అనలేదు. సింధు అచ్చును కూడా వదల్లేదు. దానికి అంచు కట్టించి కిటికీకి వేలాడదీసింది. పొద్దు వాలేవేళ ఎండ అందులోంచి పడి జంపఖానా మీద ఇంకో నెమలి వాలేది.

ఆఖరిరోజు రాయమల్లు సామాను సర్దుకుంటుంటే సేటు పాత స్నేహితుడు వెంకట్రాజం వచ్చాడు. గుమ్మంలోనే నెమలిని చూసి నోరు వెళ్లబెట్టాడు. సేటుకు అంతకంటే కావలసిందేముంది? జాతర, గంప, మూడు ముక్కలు, అన్నీ వరుసగా వచ్చాయి. ఫిల్ము దగ్గరికి రాగానే అలవాటుగా చెయ్యి భార్య వైపు లేచింది. లేచిన చెయ్యి గాల్లోనే తిరిగి కిటికీని చూపించింది.

"ఈమె పోగొట్టలే. నేనే ఉత్తపుణ్యానికి అంటుంటి. అగో, అక్కడున్నది ఫిల్ము."

వెంకట్రాజం దగ్గరికి పోయి చూశాడు. "విరిగిన జాగనే లేదు గదరా ఇందుల!"

"దానికి సాక్షి ఉన్నడు. రాయమల్లూ, ఎన్ని ముక్కలు?"

రాయమల్లు బ్రష్షులు కట్టడం ఆపి, ఒకసారి అరుణమ్మను చూసి, "మూడు సేటూ" అన్నాడు. సేటు ఛాతీ ఉప్పొంగింది.

గేటు దాకా అరుణమ్మ వచ్చింది, చేతిలో గోంగూర పచ్చడి సీసా పట్టుకుని. సీసా సంచిలో పెడుతూ గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పు. ఎన్ని ముక్కలు?"

రాయమల్లు సంచి నేల మీద దించాడు. ఈ మనిషి దగ్గర ఇంకో అబద్ధం ఆడడానికి అతనికి నోరు రాలేదు. సంచిలోంచి సన్న బ్రష్షు తీసి, అందులోంచి ఒక్క వెంట్రుక పీకి ఆమె అరచేతిలో పెట్టాడు.

"గింతే గీత ఉండె అమ్మా. బ్రష్షు వెంట్రుక అంటుకున్నదేమో అనుకుని రెండుమాట్లు తుడిచిన. పోలే."

అరుణమ్మ అరచేతిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. తర్వాత గేటు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. లోపల్నుంచి సేటు కేక వినబడింది.

"అరుణా! ఈ వెంకట్రాజం నమ్ముతలేడే! చెప్పవే, మూడు ముక్కలే గద?"

ఆమె వెంట్రుకను గుప్పిట్లో మూసుకుని కొంగున ముడి వేసుకుంది.

"అవునయ్యా," అని లోపలికి కేకేసింది, "మూడే!"