ఇంటికొక చెయ్యి

"డీసెంట్ జడ్జి అంటావేంటి ఆదీ? మిగతా ఎనిమిదిమందీ ఇన్‌డీసెంటా?" అన్నాడు కమలాకర్, సాక్సు తొడుక్కుంటూ.

డీసెంట్ కాదు, డిసెంట్. ఎనిమిదిమంది ఒకవైపు తీర్పిస్తే తొమ్మిదో ఆయన నేనొప్పుకోననడం. పులిహోరకి పోపు వేస్తూనే విప్పి చెప్పాను. మధ్యాహ్నం జర్మనీలోని మా బ్యోబ్లింగెన్ ఊరి తెలుగు సంఘంలో అమెరికా సుప్రీంకోర్టు మీద మా ఆయన ఉపన్యాసం. కేసులు వెతికింది, చదివింది, ఆయన నోటికి పట్టేలా పొట్టి వాక్యాలుగా కోసింది నేను. కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాసే మనిషికి రాజ్యాంగంతో పనేముంది? హైకోర్టులో ప్రాక్టీసు చేసినదాన్ని నేను. లా చదివి ఇలా అయ్యాను. అక్కడ అప్పీళ్ళు వేసేదాన్ని, ఇక్కడ ఆలూ పీల్ చేస్తున్నాను. డిపెండెంట్ వీసా మీద వచ్చి డిఫెండెంట్‌గా మిగిలాను. "నల్లకోటు పోతేనేం, చలికోటు కొనిస్తాళ్ళే వాడు" అంది మా అత్తగారు, విమానం ఎక్కేటప్పుడు.

"ఏమండీ, ఇవాళ కార్యదర్శి ఎన్నిక కదా. నేను నిలబడతాను" అన్నాను. సంఘంలో ఎవరు మాట్లాడాలో, దేని మీద మాట్లాడాలో తేల్చేది కార్యదర్శే.

"ఎలా నిలబడతావ్? మెంబర్‌షిప్ నా పేరు మీదుంది. ఇంటికొక సభ్యత్వం, ఇంటికొక ఓటు. నేను నిలబడితే నువ్వు నిలబడ్డట్టే."

"మరి నేను వండితే మీరు వండినట్టేనా?"

"దానికి రూల్ లేదు" అని కారు తాళాలు తీసుకున్నాడు.

హాలు పక్కనే వంటగది. మధ్యలో వడ్డించడానికి ఒక కిటికీ. ఇటు నేను, అధ్యక్షులు గంగాధరరావు గారి భార్య భానుమతి గారు కీరదోసకాయలు తరుగుతున్నాం. అటు నా వాక్యాలు నా మొగుడి గొంతుతో నడుస్తున్నాయి. నేను ఎదురుచూస్తున్న కేసు రానే వచ్చింది. ఇల్లినాయ్‌లో మైరా బ్రాడ్‌వెల్ లా పరీక్ష నెగ్గింది. పెళ్ళయినదానివి, మొగుడు లేకుండా నీ ఒప్పందమే చెల్లదు, వకీలువెలా అవుతావంది అక్కడి కోర్టు. 1873లో సుప్రీంకోర్టూ ఆమెని ఆదుకోలేదు. స్త్రీ ఇల్లాలిగా ఉండాలన్నది సృష్టికర్త శాసనమని ఒక జడ్జి రాశాడు కూడా. ఒప్పుకోనన్న ఒక్కాయన ఎందుకు ఒప్పుకోలేదో రాయలేదు. ఇక్కడ కాసేపు ఆగండి, జనం ఆలోచిస్తారు అని చెప్పి పంపాను.

కమలాకర్ ఆగలేదు. "వాళ్ళు తెలివైనవాళ్ళండీ, ముందే ఆపేశారు. నేను ఏకంగా వకీల్నే కట్టుకుని రోజూ కేసు ఓడిపోతున్నాను" అన్నాడు. హాలంతా నవ్వింది. భానుమతి గారూ నవ్వి, నా మొహం చూసి కత్తి కింద పెట్టారు.

నాకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. స్టవ్ తుడిచాను, తుడిచిన స్టవ్‌నే మళ్ళీ తుడిచాను. పొడుగ్గా వాదించే నోరు నాది, ఇప్పుడు ఉప్పు చూడ్డానికే తెరుచుకుంటోంది. వకాలత్ పుచ్చుకున్న చేత్తోనే పుచ్చకాయ కోస్తున్నాను. ఇంకొకరి కేసైతే ఈపాటికి లేచి అబ్జెక్షన్ అనేదాన్ని. నా కేసు వచ్చేసరికి ప్రతిసారీ వాయిదా నేనే అడుగుతున్నాను. అమ్మాయి పెద్దదవనీ, జర్మన్ రానీ, ఆయన ప్రమోషన్ అవనీ అంటూ. ఇవాళ కూడా ఊరుకుంటే వచ్చే ఏడూ ఇదే కిటికీ, ఇవే కీరదోసకాయలు. ఇంకొక బ్రాడ్‌వెల్ మీద ఇంకొక జోకు.

అటు గంగాధరరావు గారు మైకు అందుకున్నారు. "కార్యదర్శి పదవికి కమలాకర్ గారు చెయ్యెత్తారు. ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే ఏకగ్రీవమే."

నేను కిటికీలోంచి చెయ్యెత్తాను.

"ఆఁ, వస్తున్నాం ఆదిలక్ష్మి గారూ, వస్తున్నాం. పదండి, భోజనాలు రెడీ అంట" అన్నారాయన.

హాలు హాలంతా లేచింది. కుర్చీలు జరిగాయి, ప్లేట్లు చేతికొచ్చాయి, రెండు నిమిషాల్లో కిటికీ ముందు బారులు తీరారు. వరసలో మొదట మా ఆయనే. "ఏంటి, మూతలు తియ్యలేదేం?" అన్నాడు.

నేను ఏప్రన్ విప్పి, తలుపులోంచి హాల్లోకి నడిచి, గంగాధరరావు గారి ముందు చెయ్యి చాచాను. ఆయన ఒకసారి కమలాకర్ వైపు చూసి మైకు ఇచ్చారు.

"భోజనాలు కాలేదండీ. నేను చెయ్యెత్తింది పోటీకి."

"అమ్మా, మీ ఇంటి తరఫున ఇందాకే ఒక చెయ్యి లేచింది కదా" అన్నారాయన, మెల్లగానే.

"అది ఆయన చెయ్యండీ" అన్నాను అందరికీ వినపడేలా. "ఇది నాది."