ఇరవై ఏడు ముఖాల సుగుణరావు

నేను ఒక వీడియో గేమ్ బొమ్మను. పేరు సుగుణరావు. నాకు కత్తి లేదు, తుపాకీ లేదు, గోడలు దూకడం రాదు. ఒక బల్ల, ఒక కుర్చీ, చేతిలో ఒక పెన్ను, అంతే నా ఆస్తి. నా తోటి బొమ్మలు రాక్షసుల్ని చంపి రాజ్యాలు గెలుచుకుంటుంటే నేను గుమాస్తా ఉద్యోగం చేసుకుంటున్నాను.

నన్ను హైదరాబాదులో ఒక అద్దె భవనం మూడో అంతస్తులో ముగ్గురు ఇంజినీర్లు తయారు చేశారు. ఉద్యోగుల్లో నీతి పెంచాలని ఒక ప్రభుత్వ శాఖకు ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. ఉపన్యాసాలు పెడితే నిద్రపోతున్నారు కాబట్టి ఆట రూపంలో నేర్పమన్నారు. ఆ ఆట పేరు 'విలువల బాట'. శాఖ పేరు మాత్రం నేను చెప్పను. బొమ్మనే అయినా నాకూ భయభక్తులు ఉన్నాయి.

పుట్టుకతో నాకు మంచీ లేదు, చెడూ లేదు. ఆట మొదట్లో నా ముఖం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది. నా ముందుకు ఒక సందర్భం వస్తుంది, కింద మూడు బటన్లు వెలుగుతాయి. ఆడేవారు ఏది నొక్కితే నేను అది చేస్తాను. మంచిది నొక్కితే ముఖం తేటపడుతుంది, భుజాలు నిటారుగా నిలుస్తాయి. చెడ్డది నొక్కితే కళ్ళ కింద నల్లటి చారలు పడతాయి, చూపు పక్కకు పోతుంది, పొట్ట ముందుకు వస్తుంది. పన్నెండు సందర్భాలు ముగిసేసరికి నేను ఎలాంటివాడినో తేలిపోతుంది. అప్పుడు నా ముఖాన్ని ఒక సర్టిఫికెట్ మీద అచ్చు వేసి, పక్కన ఆడినవారి పేరు రాసి, వారి కుర్చీ వెనక గోడకు తగిలించాలని ఉత్తర్వు. నా గుణం నా చేతిలో లేదన్నమాట. ఈ మాట మనుషులూ అంటుంటారు గాని, తమ బటన్లు ఎవరు నొక్కుతున్నారో అడిగితే మాత్రం చెప్పరు.

అలా తయారై నేను గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఆఫీసుకు చేరాను. అక్కడ ఇరవై ఏడుగురు ఉద్యోగులు. ప్రతి ఒక్కరూ ఫిబ్రవరి ఆఖరుకల్లా స్వయంగా నన్ను ఆడాలి. సూపరింటెండెంట్ పట్టాభిరామయ్య గారు ఆ ఉత్తర్వును శ్రద్ధగా రెండుసార్లు చదివి, పక్కన 'కెజియాకు ఇవ్వండి' అని రాసి సంతకం పెట్టారు.

కెజియా అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఆరేళ్ళుగా గోదావరి అవతలి నుంచి రోజూ బస్సులో వస్తోంది. ఆన్‌లైన్‌లో చేయాల్సింది ఏదైనా ఇరవై ఏడుగురి తరఫునా ఆమే చేస్తుంది. మంటలార్పే శిక్షణ ఆమే పొందింది, పరిశుభ్రత ప్రతిజ్ఞ ఆమే చేసింది, ఓటరు ప్రతిజ్ఞ కూడా ఆమే చేసింది. ఒకే ప్రతిజ్ఞను ఇరవై ఏడుసార్లు చేసిన దేశభక్తురాలు జిల్లా మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. అందరి పాస్‌వర్డులూ ఆమె దగ్గర ఒక నోటుపుస్తకంలో ఉంటాయి. సగం మంది తమ పేరు చివర నూట ఇరవై మూడు తగిలించుకున్నవాళ్ళే.

ఆమె ఉద్యోగానికి ఏటా మార్చిలో పొడిగింపు రావాలి. ఈ ఏడాది ఒక కొత్త నిబంధన వచ్చింది. ఫైల్లో మెమో ఉన్నవాళ్ళకు పొడిగింపు లేదు. కెజియా ఫైల్లో ఒక మెమో ఉంది. రెండేళ్ళ క్రితం ఒక విచారణ నోటీసులో తేదీ తప్పు పడి, లంక గ్రామాల నుంచి నలభై మంది పడవలెక్కి తప్పు రోజున వచ్చి, తిట్టుకుంటూ తిరిగి వెళ్ళారు. ఆ తేదీ పట్టాభిరామయ్య గారు స్వహస్తాలతో రాసి ఇచ్చిందే. గొడవ పై దాకా వెళ్ళేసరికి అది టైపు పొరపాటు అయిపోయింది, మెమో కెజియాకు వచ్చింది. దాన్ని రద్దు చేయించగలిగిన మనిషి కూడా ఆయనే. ఆయన ఒక కాగితం రాస్తే ఆమెకు ఉద్యోగం ఉంటుంది, రాయకపోతే ఏప్రిల్ నుంచి బస్సెక్కే పని ఉండదు.

కాబట్టి కెజియా నన్ను మహా జాగ్రత్తగా ఆడింది. భోజనాల వేళ కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ, ఎడమచేత్తో మౌస్ పట్టుకుని, ఇరవై ఏడుసార్లు నన్ను మహాత్ముణ్ణి చేసింది. ఇంటికి వచ్చిన మామిడిపళ్ళ బుట్ట తిప్పి పంపించాను. ఆలస్యంగా వచ్చిన రోజున ఆలస్యమనే రాశాను. పన్నెండూ యాభైకి వచ్చిన ముసలాయన పని ముగించాకే భోజనానికి లేచాను. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆవులింతలు వస్తాయి.

వారం తిరక్కుండా పై కార్యాలయం నుంచి అన్నీ తిరిగొచ్చాయి. ఇరవై ఏడుగురికీ ఒకే జవాబులు ఎలా వచ్చాయి, అందరూ మధ్యాహ్నం ఒంటిగంటకే ఎలా ఆడారు, మళ్ళీ ఆడించండి అని. ఒక ఆఫీసులో అందరూ నిజాయితీపరులే అంటే కంప్యూటర్‌కు కూడా నమ్మబుద్ధి కాలేదు.

పట్టాభిరామయ్య గారు కెజియాను పిలిచారు.

"ఏంటమ్మా, అందరికీ ఒకేలా కొట్టేశావు? ఎవరిది వాళ్ళు ఆడినట్టుండొద్దా?"

"ఎలా ఆడమంటారు సార్?"

"ఆరేళ్ళ నుంచి చూస్తన్నావు, ఎవరెలాంటోళ్ళో నీకు తెలీదా? వాళ్ళే కూర్చుంటే ఎలా ఆడతారో అలా ఆడు. అంతే."

"మీది కూడా అలాగేనా సార్?"

"నాదేవన్నా ప్రత్యేకమా? అందరితో పాటే."

ఆ ఆఫీసు చరిత్రలో అంత నిజాయితీ కోరుతూ ఎవరూ ఎవరికీ ఆదేశం ఇచ్చి ఉండరు. ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదు, అప్పటికే వేరే ఫైలు విప్పేశారు.

రెండోసారి ఆట మొదలైంది. సీనియర్ అసిస్టెంట్ వెంకటరత్నం గారి పేరుతో నేను ముసలాయన్ని తలెత్తి చూడకుండానే 'ఇది నా సీటు కాదు' అని పంపేశాను. మామిడిపళ్ళు పుచ్చుకోవడమే కాక అవి ఏ రకమో కూడా అడిగాను. మర్నాడు టైపిస్టు సోమరాజు గారు. ఆయన గొంతు గేటు దాకా వినిపిస్తుంది, వచ్చిన ప్రతివాణ్ణీ కసురుతారు. నేను బుద్ధిగా చెడ్డ బటన్ కోసం ఎదురుచూస్తుంటే కెజియా పన్నెండుసార్లూ మంచిదే నొక్కింది. ఆయన తిట్టుకుంటూనే భోజనం మానేసి జనం పని చేసిపెడతారట. తిట్టడానికి నాలో బటన్ లేదు. అందుకే ఆయన పేరుతో నేను చవితి పందిట్లో దేవుడిలా వెలిగిపోయాను.

చివరిరోజు పట్టాభిరామయ్య గారి వంతు. ఆరు సందర్భాలు బాగానే గడిచాయి. ఏడోది వచ్చింది. పై అధికారి ఒక తప్పు గురించి అడుగుతున్నారు. తప్పు నాది. నా కింద పనిచేసే మనిషి పక్కనే నిలబడి ఉంది. మూడు బటన్లు: 'తప్పు నాదే', 'మౌనం', 'ఆమె చేసింది'.

కెజియా చేతిలో ముద్ద అలాగే ఆరిపోయింది. మొదటిది నొక్కితే నా ముఖం తేటపడుతుంది, అది చూసి ఆయన మనసూ తేటపడవచ్చు, మెమో పోవచ్చు. మూడోది నొక్కితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. "ఎలా ఆడతారో అలాగే ఆడమన్నారుగా" అని గొణుక్కుని మూడోది నొక్కింది. నా కళ్ళ కింద చార పడింది. ఇన్ని వందల తప్పులు చేసిన నాకు మొదటిసారి భయం వేసింది. నా గురించి కాదు, ఆమె గురించి.

మార్చి మొదటివారంలో సర్టిఫికెట్ల కట్ట వచ్చింది. మంచి దళసరి కాగితం, రంగుల్లో నా ముఖం, దాని కింద చేసిన ఎంపికలన్నీ వరసగా. ఆఫీసంతా చుట్టూ మూగింది. వెంకటరత్నం గారు తనది చూసుకుని "ఇదేంటండీ, ఈ పొట్టేంటి నాకు!" అన్నారు. కింద చదివాక స్థిమితపడ్డారు. "ఆ, సరిగ్గానే ఉందిలెండి. ఆ సీటు మనది కాదు కదా." సోమరాజు గారికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. "ఈ వెలుగు చూశారంటే జనం నా బల్ల ముందే చేరతారు. ఎవరండీ ఇది చేసింది!" అని గేటు దాకా వినిపించారు.

పట్టాభిరామయ్య గారు తనది చదివి, మడిచి సొరుగులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం కెజియా పొడిగింపు ఫైలు ఆయన బల్ల మీద దొంతరలో అట్టడుక్కి వెళ్ళింది.

అంత అధ్వాన్నమైన మార్కులు రాష్ట్రంలో ఇంకెక్కడా రాలేదట. సంగతేమిటో చూడమని పై కార్యాలయం నుంచి సుభాషిణి గారనే అధికారిణిని పంపారు. ఆవిడ ఒక్కొక్కరినీ పిలిచి, సర్టిఫికెట్ ముందు పెట్టి, ఒకే ప్రశ్న వేశారు. "ఇది మీరే ఆడారా?"

ఇప్పుడు చూడాలి పెద్దమనుషుల అవస్థ. ఆడలేదంటే పాస్‌వర్డు ఇంకొకరి చేతికిచ్చిన నేరం, సస్పెన్షను ఖాయం. ఆడానంటే కాగితం మీద ఉన్నది తమ గుణమేనని ఒప్పుకోవాలి. క్షణం కూడా ఆలోచించకుండా అందరూ గుణాన్నే వదులుకున్నారు. "ఆయ్, నేనే ఆడానండి" అన్నారు వెంకటరత్నం గారు. "నేనే, అయితే ఏంటి?" అన్నారు సోమరాజు గారు.

ఆఖరున పట్టాభిరామయ్య గారు వచ్చారు. జవాబులు టైపు చేయడానికి కెజియా అక్కడే కూర్చుని ఉంది. ఆమె ముందున్న తెర మీద ఏడో సందర్భంలో నేను నిలబడి ఉన్నాను. తెర బయట గదిలోనూ పై అధికారి అడుగుతోంది, కింది మనిషి పక్కనే ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇదే ఆట, కాకపోతే ఈసారి బటన్లు ఆయన ముందున్నాయి. పైగా ఇందులో ఒక తిరకాసు ఉంది. 'ఈ అమ్మాయి ఆడింది' అంటే అది నిజం, ఆమె బతుకు పోతుంది. 'నేనే ఆడాను' అంటే అది అబద్ధం, ఆమె బతుకుతుంది. నన్ను తయారుచేసిన ఇంజినీర్లకు ఇలాంటి సందర్భం తట్టనే లేదు.

ఆయన కెజియా వైపు చూశారు. ఆమె కీబోర్డు మీద నుంచి తలెత్తలేదు.

"నేనే ఆడానండి."

"ఏడో దాంట్లో తప్పు మీదైతే కింది ఉద్యోగి మీదకు నెట్టారు. ఎందుకు?"

"భయమేసిందండి."

అబద్ధంతో మొదలుపెట్టి నిజంలో తేలిన మనిషిని నేను ఆయన్నే చూశాను. కెజియాను కాపాడటానికి అలా అన్నారో, సస్పెన్షనుకు జడిసి అన్నారో నాకు తెలియదు. ఆయనకు కూడా తెలియదనే అనుకుంటాను.

సుభాషిణి గారి జీపు వెళ్ళిపోయాక ఆయన కెజియా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, నేనలా చేస్తాననుకున్నావా?"

"అనుకోలేదు సార్. చేశారు."

ఆయన తన బల్ల దగ్గరకు వెళ్ళి, ఒక తెల్లకాగితం మీద చాలాసేపు రాసి, తెచ్చి ఆమె ముందు పెట్టారు. రెండేళ్ళ క్రితం నోటీసులో తేదీ తప్పు తనదని, కెజియాకు ఇచ్చిన మెమో రద్దు చేయాలని ఉంది అందులో. ఆమె టైపు చేసింది. ఆయన చదువుకున్నారు. చెమట తుడుచుకున్నారు.

"తప్పు నాది అని ఎందుకులేమ్మా. కార్యాలయానిది అని మార్చు. బాగుంటుంది."

ఆరేళ్ళలో కెజియా ఆయన మాట ఒక్కసారి కూడా కాదనలేదట.

"మార్చను సార్. కార్యాలయం అంటే అందరం కదా. సోమరాజు గారిదీ, నాదీ కూడానా ఆ తప్పు?"

ఆమె చెయ్యి కీబోర్డు మీదకు పోలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఉన్నది ఉన్నట్టుగానే సంతకం పెట్టారు. నెలాఖరున కెజియాకు పొడిగింపు వచ్చింది. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వెంటనే ఇరవై ఏడుగురి తరఫున నీటి పొదుపు ప్రతిజ్ఞకు కూర్చుంది.

నా సంగతి చెప్పాలి. సుగుణరావు ప్రవర్తన ఉద్యోగులకు ఆదర్శప్రాయంగా లేనందున ఆటను ఉపసంహరించడమైనదని ఉత్తర్వు వచ్చింది. నా చేత అవన్నీ చేయించినవాళ్ళ ప్రవర్తన గురించి అందులో ఒక్క ముక్క లేదు. నన్ను కంప్యూటర్ల లోంచి తుడిచేశారు. గోడల మీది ముఖాలు పీకి చించేశారు. సోమరాజు గారు తనది అందరికంటే ముందు చించి, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఒక్క కాగితం మిగిలింది. పట్టాభిరామయ్య గారు సొరుగులోంచి తీసి తన బల్ల మీది అద్దం కింద దూర్చారు, క్యాలెండరుకీ ఫోన్ నంబర్ల జాబితాకీ మధ్యన. కళ్ళ కింద చారలతో ఇప్పుడు నేను అక్కడ వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తుంటాను. భోజనానికి పది నిమిషాల ముందు ఎవరైనా ముసలాయన వచ్చి నిలబడితే, పట్టాభిరామయ్య గారు ముందు గడియారం చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, తర్వాత విసుగ్గా "కూర్చోండి" అంటారు. మనిషి మారిపోయాడని మురిసిపోకండి. నా ముఖం మీద ఫైలు ఉన్న రోజున మాత్రం "రెండు దాటాక రండి" అనే అంటారు.

అందుకే కెజియా రోజూ పన్నెండూ నలభై ఐదుకి ఏదో ఒక కాగితం పట్టుకుని వస్తుంది. ఆ కాగితం బల్ల మీద పెడుతూ, నా ముఖం మీద ఉన్న ఫైలును పక్కకు జరిపి వెళ్ళిపోతుంది.