జోగారావు రాయించిన కాగితం

పెళ్ళి సంబంధాల గురించి ఆరా తీయాలంటే ఏలూరు జోగారావు, తాడేపల్లిగూడెం వేంకటాచలం. ఇద్దరూ కలిసి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి ఎనిమిదేళ్ళు. అందులో వేంకటాచలానిది చెవి, జోగారావుది నోరు. ఓసారి ఆ నోరు మంగలి షాపులో జారి ఓ కేసు పాడైంది. అప్పుడు జోగారావే స్టాంపు పేపరు తెచ్చి రాయించాడు: కేసు ఎవరిదైనా, సొంత ఇంటివాళ్ళదైనా, పార్ట్‌నర్‌కి కూడా చెప్పకూడదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మొన్న శుక్రవారం జోగారావు మేనకోడలు ఇందుజ సంబంధం తప్పిపోయింది. ఆకివీడులో చేపల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో పనిచేసే మణిదీప్‌ని ఆ పిల్ల మనసారా ఇష్టపడింది. మణిదీప్ తండ్రి వచ్చి, ఇందుజ గురించి ఆరా తీయించిన రిపోర్టు జిరాక్సు ఆమె తల్లి, జోగారావు చెల్లెలు వరమ్మ చేతిలో పెట్టి, కాఫీ అయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

జోగారావు రిపోర్టు చూశాడు. ప్రతి పేరా కింద స్కేలు పెట్టి గీసిన రెండు గీతలు. అలా గీసేవాడు అతనికి తెలిసి ఒక్కడే.

వెంటనే గూడెం బస్సెక్కి వేంకటాచలం ఇంటికి వెళ్ళాడు.

"ప్రతి ఆదివారం మా వరమ్మ చేతి పెసరట్టు తిని, మా పిల్ల మీదే రాస్తారా?" అన్నాడు గుమ్మంలోనే.

వేంకటాచలం బీరువాలోంచి కాగితం తీశాడు. "చెప్పకూడదని రాయించింది మీరే కదండీ."

"చెప్పకపోతే పోనీండి. అబద్ధం రాస్తారా?"

"ఏది అబద్ధమండీ?"

"ఇందుజ నిరుడు ఎవరితోనో వెళ్ళిపోయి తొమ్మిదో రోజున తిరిగొచ్చిందని రాశారే, అది. పిల్ల చింతలపూడిలో పామాయిల్ తోటల ట్రైనింగుకి వెళ్ళింది."

వేంకటాచలం కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "ఆ మాట నాకు చెప్పిందెవరండీ? గూడెం స్టేషన్లో, బెంచీ మీద."

జోగారావుకి గుర్తొచ్చింది. ఈయన నోరు వెళ్ళబెడితే చూద్దామని, ముఖం వేలాడేసుకుని మరీ ఆ మాట తనే చెప్పాడు. ఇంతలో రైలొచ్చింది. హాస్యానికి అన్నానని చెప్పడం మరిచిపోయి ఎక్కేశాడు.

"ఒక్కమాట నన్ను అడగొచ్చుగా."

"అడిగితే కేసు చెప్పినట్టేగా అండీ. అయినా మేనమామే చెప్పాక ఇంకెవర్ని అడుగుతాను? దాచి రాద్దామని నాకు మనసెంత పీకిందో మీకు తెలీదు."



జోగారావు ఏలూరు తిరిగొచ్చి ఇందుజకి అంతా చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు. ఫోన్ తెచ్చిచ్చింది. "వాళ్ళ నాన్నగారికి చెప్పు మావయ్యా. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాడు. చేతులు జోడించినంత పనిచేశాడు. అవతల ఆయన అంతా విన్నాడు.

"మీరు హాస్యాలమారని ఊరంతా చెప్పారండీ. అప్పుడన్నది హాస్యమో, ఇప్పుడంటున్నది హాస్యమో మేం ఎలా తేల్చుకోవాలి? ఉంటానండీ."

ఫోన్ స్పీకర్లోనే ఉంది. ఇందుజ అతని చేతిలోంచి మెల్లగా తీసుకుని కట్టేసింది.

"వేంకటాచలంగారిని ఆటపట్టించడానికి ఊళ్ళో ఇన్ని కబుర్లుండగా," అంది, "నేనే దొరికానా మావయ్యా?"